‘రాసా’ 1942, 1950: రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట నాలుగో లైను

నమస్కారమండీ. గుంటూరులో జర్నలిజం పీజీ పిల్లలకు నియంత ఫ్రాంకో కాలపు స్పెయిన్ సినిమా మీద రెండు పూటల పాఠం ఉంది. పూటకి రెండున్నర గంటలు, 35 మంది. నాజీ ప్రచార చిత్రాల గురించి వాళ్ళకు ఓ మాదిరిగా తెలుసు. స్పెయిన్ అంటే మాత్రం అంతర్యుద్ధం, పికాసో వేసిన గెర్నికా, అక్కడితో సరి.

పాఠానికి ఇరుసుగా ‘రాసా’ అనే సినిమా పెట్టుకున్నాం. దానికి 1942 ప్రతి ఒకటి, 1950లో మార్చి వదిలిన ప్రతి ఒకటి ఉన్నాయి కదా, రెండూ చూపించాలని. మొత్తం వెయ్యాలా, ముక్కలు చాలా? ఇందులో జాతీయవాదం, మతం పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎక్కడ పనిచేస్తోందో పిల్లలకు విడదీసి చూపించే దారి ఏమైనా ఉందా? తెలుగు సబ్‌టైటిల్స్ మేమే వేస్తున్నాం. ‘రాసా’ని ‘జాతి’ అనీ, ‘క్రుసాదా’ని ‘ధర్మయుద్ధం’ అనీ రాశాం. రెండూ ఎక్కడో తేడాగా ఉన్నాయి. అప్పటి ప్రభుత్వ న్యూస్‌రీలు నో-దో కూడా ఒకటి వేద్దామా అన్నది మరో ఆలోచన.

జవాబు: రీలుపెట్టె (గాంధీనగర్, బెజవాడ)

మొత్తం వెయ్యకండి. గంటా ముప్పావు దాటిన పాత మెలోడ్రామా ఏకబిగిన వేస్తే అరగంటకల్లా పిల్లలు నవ్వడం మొదలెడతారు. ఒకసారి నవ్వేశాక దాన్ని విప్పి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ముందు సినిమా ఎలా పుట్టిందో చెప్పి, ఆ తర్వాత ముక్కలు వెయ్యండి.

కథ రాసింది ఫ్రాంకోనే, హైమే దె ఆంద్రాదే అన్న మారుపేరుతో. తీసింది హోసే లూయిస్ సాయెన్స్ దె ఎరేదియా. ఫలాంహే అనే ఫాసిస్టు పార్టీ స్థాపకుడు హోసే ఆంతోనియో ప్రీమో దె రివేరాకి ఈయన తల్లి వైపు బంధువు. నిర్మాత ప్రభుత్వ సంస్థే, హిస్పానిదాద్ మండలి. 1942 జనవరిలో మాడ్రిడ్‌లో విడుదలైంది.

బోర్డు మధ్యలో ఒక గీత గీయండి. ఎడమవైపు ఫ్రాంకో ఇల్లు, కుడివైపు సినిమాలోని చుర్రూకా ఇల్లు. ఫ్రాంకో తండ్రి నౌకాదళంలో లెక్కల విభాగం ఉద్యోగి. 1907లో పెళ్ళాం పిల్లల్ని వదిలి మాడ్రిడ్ వెళ్ళి మరో స్త్రీతో కాపురం పెట్టాడు. సినిమాలో తండ్రి నౌకా కెప్టెన్, 1898లో క్యూబా దగ్గర అమెరికా ఓడలకు ఎదురు నిలిచి చనిపోతాడు. ఫ్రాంకో నౌకాదళంలో చేరాలనుకుని, దారి మూసుకుపోయి తొలేదోలో పదాతిదళం అకాడమీలో చేరాడు. సినిమాలో ఆ వంశమంతా సముద్రవీరులే, 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన చుర్రూకా దాకా. ఫ్రాంకో తమ్ముడు రామోన్ 1926లో దక్షిణ అట్లాంటిక్ దాటిన పైలట్, కొన్నేళ్ళు రిపబ్లికన్ (అంతర్యుద్ధంలో ఫ్రాంకో పోరాడింది రిపబ్లిక్ మీదే). తర్వాత అన్న పక్షానికే వచ్చి 1938లో విమాన ప్రమాదంలో పోయాడు. సినిమాలో పేద్రో అనే సోదరుడు రిపబ్లికన్ రాజకీయ నాయకుడు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగితే పాఠం కాస్తా ఫ్రాంకో మనస్తత్వం మీద ముచ్చట అయిపోతుంది. నలుగురు తోబుట్టువుల్నీ వాళ్ళ వృత్తుల్ని బట్టి చూడండి. హోసే సైనికుడు, హైమే సన్యాసి, పేద్రో రాజకీయ నాయకుడు, ఇసబెల్ సైనికుడి భార్య. అంటే ఆ ఇల్లే దేశం: సైన్యం, చర్చి, తల్లి, వీళ్ళ మధ్య దారి తప్పిన పార్లమెంటు. ఈ సినిమాలో శత్రువు పైనుంచి ఊడిపడడు, ఆ ఇంటి కొడుకే. వాణ్ణి ఓడిస్తే కథ ముగియదు, వాడు పశ్చాత్తాపపడాలి. పేద్రో చివర్లో మనసు మార్చుకుని ఫ్రాంకో పక్షానికి సాయం చేసి, అందుకు తన పక్షంవాళ్ళ చేతుల్లోనే కాల్పులకు బలవుతాడు. పాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం, మరణం. ఇది క్రైస్తవ కన్ఫెషన్ నడక. మీరు విడదీసి చూపించాల్సింది ఈ నడకనే. జెండాలు, కవాతులు, పూర్వీకుల ఓడలు తెర మీద కనబడే జాతీయవాదం. మతం కథ నడిచే తీరులో ఉంది. సిలువలు లెక్కపెట్టమంటే పిల్లలు లెక్కపెడతారు గానీ దీన్ని దాటేస్తారు.

ఈ విభజన నిజమేనని చూపించడానికి 1950 ప్రతి పనికొస్తుంది. 1942లో హిట్లర్ గెలిచేలా ఉన్నాడు. 1946 డిసెంబరుకి ఐక్యరాజ్యసమితి, స్పెయిన్ నుంచి రాయబారుల్ని వెనక్కి పిలవమని సభ్య దేశాలకు సిఫారసు చేసింది. 1950 నవంబరులో దాన్ని ఎత్తేసింది. ఫ్రాంకోకి అప్పుడు కావలసింది అమెరికా స్నేహం, వాటికన్ ఆమోదం. రెండూ 1953లో కాగితం మీదికొచ్చాయి: ఆగస్టులో వాటికన్‌తో కాంకోర్దాత్ అనే ఒప్పందం, సెప్టెంబరులో అమెరికాతో సైనిక స్థావరాల ఒప్పందం. ‘ఒక జాతి ఆత్మ’ అని అర్థమొచ్చే కొత్త పేరుతో సినిమా మళ్ళీ విడుదలైంది ఈ వాతావరణంలోనే. చెయ్యి చాచి పెట్టే సెల్యూట్లు తీసేశారు. ఫలాంహే ఊసు తీసేశారు. 1898 ఘట్టాల్లో అమెరికా మీది కోపం చల్లార్చారు. మొదట్లో వచ్చే పాఠం మార్చి భారమంతా కమ్యూనిజం మీదికి నెట్టారు. మాటలు కొత్తగా డబ్ చేశారు. పాత ప్రింట్లు కనబడకుండా పోయాయి. 1942 ప్రతి మళ్ళీ వెలుగు చూసింది 1990లలో, అదీ ఒక కాపీ బెర్లిన్‌లో దొరికాక.

అంటే ఎనిమిదేళ్ళలో చేతులు తెగాయి, సిలువ మిగిలింది. సముద్రపు ఒడ్డున సన్యాసుల్ని వరసగా నడిపించి కాల్చే సీను ఉంది, పేద్రో పశ్చాత్తాపం ఉంది. కథ ఎముకల గూడు అలాగే ఉంది. ఎందుకంటే అది వాషింగ్టన్‌కి అడ్డం కాదు, వాటికన్‌కి ఇష్టం.

ముక్కలు ఇవి వెయ్యండి. పిల్లలకు తండ్రి మధ్యయుగపు అల్మొగావర్ యోధుల గురించి చెప్పే తొలి ఘట్టం. సముద్రతీరంలో సన్యాసుల హత్య. చివర మాడ్రిడ్ విజయ కవాతు. అది చూస్తూ పిల్లవాడు ఇదేమిటని అడిగితే తల్లి సినిమా పేరే జవాబుగా చెబుతుంది. మొదటిదీ చివరిదీ రెండు ప్రతుల్లోనూ చూపండి. మధ్యది ఒకసారి చాలు.

వేసే ముందు ఒక్క జాగ్రత్త. మీ దగ్గరున్న ఫైలు ఏ ప్రతో ముందు తేల్చుకోండి. ఫైలు పేరు నమ్మకండి, టైటిల్ కార్డు చూడండి, కవాతులో చేతులు చూడండి. పిల్లలకు నాలుగు గళ్ళ కాగితం ఇవ్వండి: టైము, బొమ్మ, మాట, రెండో ప్రతిలో తేడా. రెండో ప్రతిని ముందు బొమ్మ ఆపేసి శబ్దం మాత్రమే వినిపించండి. తీసేసిన షాటు కళ్ళకు తెలుస్తుంది, మార్చిన మాట తెలీదు. నటుడు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు, దూరపు షాట్లో ఉన్నప్పుడు వచ్చే డైలాగుల దగ్గర చెవి రిక్కించమనండి. పెదాలు కనబడని చోట ఏ మాటైనా పెట్టొచ్చని డబ్బింగ్ బొమ్మలు చూసే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

జవాబు: కృష్ణలంక లలిత

సబ్‌టైటిల్స్ వరకే చెబుతానండీ.

‘జాతి’ పెట్టకండి అనను గానీ, పెడితే ఒక్క చోటే పెట్టండి. ఇంగ్లీషు రేస్‌కీ నేషన్‌కీ మనకు అదే మాట, కులం దగ్గర కూడా అదే వాడతాం. నాజీల పాఠం విని వచ్చిన పిల్లలు ‘జాతి’ చదవగానే రక్తం, పుర్రె కొలతలు అనుకుంటారు. ఇక్కడ రాసా అంటే ముఖ్యంగా స్పానిష్ భాష, కాథలిక్ మతం, సామ్రాజ్యపు జ్ఞాపకం కలిసిన వారసత్వం. అక్టోబరు 12న, కొలంబస్ అమెరికా చేరిన రోజున, ‘రాసా దినం’ జరిపేవాళ్ళు. అది స్పెయిన్‌ని, లాటిన్ అమెరికాని ఒకే గూట్లో చేర్చే పండగ. రక్తం మాట అసలు లేదని కాదు, సినిమాలో వంశం గొప్ప చాలానే ఉంది. అందుకని టైటిల్‌ని ‘రాసా’గానే ఉంచి, తండ్రి పిల్లలకు చెప్పే సీన్లో ‘మన వంశం’ అనీ, చివర తల్లి జవాబులో మాత్రం ‘జాతి’ అనీ రాయండి. ఒకే మాట ఇంటి గడప దాటి కవాతు వీధిలోకి ఎలా వచ్చిందో చదివేవాడికి తెలుస్తుంది.

‘ధర్మయుద్ధం’ మాత్రం తీసెయ్యండి. మన చెవికి అందులో న్యాయం ముందే ఉంది. కురుక్షేత్రం గుర్తొస్తుంది, పాండవుల పక్షం ఎవరో తేలిపోతుంది. ‘క్రుసాదా’ అన్న మాటను అంతర్యుద్ధానికి తగిలించింది ఒక పక్షం. 1936లోనే స్పెయిన్ బిషప్పులు అలా పిలవడం మొదలెట్టారు. వాళ్ళ తీర్పుని మనం తెలుగులో ఖాయం చెయ్యడమెందుకు? ‘క్రూసేడు’ అనే రాయండి. పరాయి మాటగా గుచ్చుకోవాలి. ‘రోహో’కి (స్పానిష్‌లో ‘ఎర్ర’) మాత్రం ‘కమ్యూనిస్టు’ వద్దు. రిపబ్లిక్ పక్షాన ఉన్న ఉదారవాదుల్ని, అరాచకవాదుల్ని, సోషలిస్టుల్ని, అందర్నీ కలిపి పెట్టిన తిట్టు అది. ‘ఎర్రోళ్ళు’ అంటే ఆ ఈసడింపు వస్తుంది. ‘కౌదిల్యో’ని (నాయకుడు అని ఫ్రాంకో బిరుదు) అలాగే ఉంచండి. నాణేల మీద ఫ్రాంకో బొమ్మ చుట్టూ ‘దేవుడి దయవల్ల స్పెయిన్‌కి కౌదిల్యో’ అని ఉండేది. ఆ నాణెం ఫొటో ఒకటి తెర మీద పెడితే మీ మతం, జాతీయవాదం ప్రశ్నకు సగం జవాబు.

పని విషయం: ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. రెండు లైన్లు దాటనివ్వకండి. పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగిలి కలిసిపోతాయి, కాబట్టి లైన్ల మధ్య జాగా పెంచండి. అట్టడుగున పెడితే ఒత్తులు తెర అంచున తెగుతాయి, కాస్త పైకి జరపండి. నలుపు తెలుపు బొమ్మ మీద తెల్ల అక్షరాలు ఆరిపోతాయి, లేత పసుపుకి నల్ల అంచు ఇవ్వండి.

జవాబు: అమరావతి రోడ్

రీలుపెట్టె గారూ, ‘రాసా’ మీద మీరు చెప్పినదానితో పేచీ లేదు. ఆ ఒక్క సినిమాని ఇరుసు చెయ్యడంతోనే పేచీ. యుద్ధాన్ని క్రూసేడుగా చూపే చిత్రాల జోరు నాలుగేళ్ళు కూడా లేదు. 1940లో ఇటలీ దర్శకుడు జెనీనా తీసిన ఆల్కాసర్ (తొలేదో కోట) ముట్టడి సినిమా, ‘రాసా’, ఇంకొన్ని. ఆ కాలంలో జనం ఎక్కువగా చూసినవి హాస్యాలు, హాలీవుడ్ బొమ్మలు. భావజాలం నడిచింది థియేటర్ వ్యాపారం గుండా.

నియంత కాబట్టి స్టూడియోలన్నీ ప్రభుత్వానివే అనుకుంటారు పిల్లలు. కాదు. చారిత్రక చిత్రాలు దంచిన సిఫేసా వాలెన్సియాలో పుట్టిన ప్రైవేటు కంపెనీ. పట్టు లైసెన్సుల్లో ఉంది. స్పానిష్ సినిమా తీస్తే, ప్రభుత్వ బోర్డు ఇచ్చిన తరగతిని బట్టి విదేశీ చిత్రాలు దిగుమతి చేసుకునే లైసెన్సులు దక్కేవి. పై తరగతికి ఎక్కువ, అడుగు తరగతికి సున్నా. హాలీవుడ్ బొమ్మే డబ్బు గనక ఆ లైసెన్సు కోసమే స్పానిష్ సినిమా తీసేవాళ్ళు. లైసెన్సులు చేతులు మారేవి. బోర్డుకి నచ్చేది రాసుకురావడం నిర్మాతకు లాభం, ఎవరూ బెదిరించక్కర్లేదు. 1944లో దీని మీద ‘జాతీయ ప్రయోజనం’ అనే ప్రత్యేక హోదా కూడా పెట్టారు. గాంధీనగర్ ఆఫీసుల్లో బొమ్మలు కొని అమ్మేవాళ్ళకి ఈ లెక్క ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

డబ్బింగ్ సంగతి పైన ఒక్క ముక్కలో పోయింది. 1941 ఏప్రిల్‌లో విదేశీ చిత్రాలు స్పానిష్‌లోకి డబ్ చెయ్యడం తప్పనిసరి చేశారు. పేరుకి భాషాభిమానం. అసలు కీలకం అక్కడుంది. ప్రేక్షకుడికి అసలు గొంతు వినబడదు గనక మాట మార్చినా పట్టుబడదు. తప్పనిసరి నిబంధన కొన్నేళ్ళకే పోయినా అలవాటూ, సౌకర్యమూ ఉండిపోయాయి. ‘మొగాంబో’లో గ్రేస్ కెల్లీ పాత్ర పరాయి మగవాణ్ణి ప్రేమిస్తుంది. అది వ్యభిచారం కాకుండా చెయ్యాలని భర్తని అన్నగా మార్చారు. దాంతో అన్నాచెల్లెళ్ళు ఒకే గదిలో భార్యాభర్తల్లా మెలుగుతున్నట్టు తయారైంది. ‘కాసాబ్లాంకా’లో రిక్ స్పెయిన్‌లో రిపబ్లిక్ తరఫున పోరాడాడన్న ముక్క ఎగిరిపోయింది. రెండో పూట ఈ రెండూ చెప్పండి, పిల్లలు నవ్వినా పనికొచ్చే నవ్వు.

రాజ్యం, చర్చి ఒకటే గొంతు అన్నట్టు చెప్పడం ఇంకో పొరపాటు. 1946 బోర్డులో నైతిక విషయాల మీద చర్చి ప్రతినిధికి వీటో ఉండేది. అది చాలదని 1950 నుంచి చర్చి సొంత అంకెలు పెట్టింది: 1 అందరికీ, 2 కుర్రవాళ్ళకి, 3 పెద్దలకి, 3ఆర్ పెద్దలకే, అదీ జాగ్రత్తగా, 4 తీవ్ర ప్రమాదకరం. గుడి తలుపు మీద అంటించేవాళ్ళు. 1951లో నియేవెస్ కోందె తీసిన ‘సుర్కోస్’ చూడండి. ఆయన ఫలాంహే మనిషే. పల్లె కుటుంబం మాడ్రిడ్ వచ్చి చెడిపోవడం కథ. రాజ్యం దానికి ‘జాతీయ ప్రయోజనం’ ఇచ్చింది, చర్చి 4 వేసింది. అదే సమయంలో సిఫేసా కొలంబస్ మీద ఖర్చు పెట్టి తీసిన ‘ఆల్బా దె అమేరికా’కి ఆ హోదా ముందు ఇవ్వలేదు. దాంతో రేగిన గొడవలో సినిమా శాఖ అధిపతి గార్సియా ఎస్కుదేరో 1952లో దిగిపోవాల్సి వచ్చింది.

అయినవాళ్ళ సినిమాల మీద కూడా కత్తి పడింది. ‘ఎల్ క్రుసేరో బలేయారెస్’ 1941లో తయారైనా నౌకాదళానికి నచ్చక తెర మీదికే రాలేదు. 1942 నాటి ‘రోహో ఇ నేగ్రో’ ఫలాంహే సినిమాయే, మూడు వారాలు ఆడగానే మాయమైంది. మీ దగ్గర టైముంటే ‘రాసా’ పక్కన పెట్టాల్సింది ఇదీ. గెలిచిన కూటమిలో ఎవరి గొంతు తగ్గిందో ఇందులో కనబడుతుంది.

రీలుపెట్టె:

‘రోహో ఇ నేగ్రో’ మాట ఒప్పుకుంటున్నా, చేర్చండి. వ్యాపారం లెక్క కూడా నిజమే. కానీ లైసెన్సుని తెర మీద చూపించలేం, పిల్లలకు ముందు బొమ్మ కావాలి.

నో-దో గురించి. 1943 జనవరి 4న మొదటిది. ప్రతి థియేటర్లో ప్రతి ఆటకీ వెయ్యాలి, ఇంకెవరూ న్యూస్‌రీలు తియ్యకూడదు. తప్పనిసరి 1975 దాకా నడిచింది, సంస్థ 1981 దాకా. అదే 1943లో ఇక్కడ బ్రిటిష్ ప్రభుత్వం డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 44ఎ పెట్టి ప్రభుత్వ చిత్రాలు వెయ్యడం తప్పనిసరి చేసింది. స్వతంత్రం వచ్చాక ఫిల్మ్స్ డివిజన్ కాలంలోనూ థియేటర్లు ‘ఇండియన్ న్యూస్ రివ్యూ’ వెయ్యక తప్పలేదు. అంచేత ‘తప్పనిసరి’ ఒక్కటే నియంతృత్వానికి గుర్తు అని చెప్పకండి, మీ పిల్లలే అడ్డం తిరుగుతారు. బయట పత్రిక ఏం రాయొచ్చు, ఎన్నికలున్నాయా అన్నది కలిపి చెప్పండి.

పది నిమిషాల నో-దో ఒకటి చాలు. స్పెయిన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీవీఈ సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఆనకట్ట ప్రారంభోత్సవం ఉన్నది ఎంచుకోండి. ఆనకట్ట నుంచి ఆనకట్టకి గెంతుతాడని జనం ఫ్రాంకోకి కప్ప అని పేరు పెట్టారు. నాగార్జునసాగర్ దగ్గరి వాళ్ళకి ఆనకట్ట రాజకీయం విడమరచి చెప్పక్కర్లేదు. శిలాఫలకం పక్కన బిషప్ పవిత్రజలం చల్లే షాటు ఉందేమో వెతకండి, ఉంటే అక్కడ ఆపండి. ఇంకోటి, నో-దో మొదట్లో వచ్చే సంగీతం మాన్యుయెల్ పరాదాది. ‘రాసా’కి సంగీతం కూడా ఆయనదే. రెండూ వెంటవెంటనే వినిపించండి.

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ ధన్యవాదాలు. ‘ధర్మయుద్ధం’ తీసేశాం. రెండు సందేహాలు. మన పౌరాణికాలు కూడా మతప్రచారమేనా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. రెండోది, బయటివాళ్ళని కూడా పిలుద్దామంటున్నారు మా వాళ్ళు.

జవాబు: కృష్ణలంక లలిత

మొదటిదానికి ‘మార్సెలీనో పాన్ ఇ వీనో’ వేసి చూపండి. 1955, లాదిస్లావ్ వాయ్దా. అనాథ పిల్లవాణ్ణి పన్నెండుమంది సన్యాసులు పెంచుతారు. వాడు అటకమీది క్రీస్తుకి రొట్టె, వైను పెడితే విగ్రహం చెయ్యి చాచి తీసుకుంటుంది. భక్తి సినిమాగా చూస్తే మన బాలభక్తుల కథలకి చుట్టమే, ఏడిపిస్తుంది కూడా. దాన్ని ప్రచారం అనేస్తే పిల్లలు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరి. తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యండి: ఆ మఠం ఎందుకు శిథిలమైంది? నెపోలియన్ సైన్యంతో యుద్ధంలో. దాన్ని సన్యాసులు రాయి రాయి పేర్చి కట్టారు. యుద్ధం ముగిసి పదహారేళ్ళయిన దేశంలో ప్రేక్షకుడికి శిథిలం అంటే ఏది గుర్తొస్తుంది? ధ్వంసం పరాయివాడిది, కట్టడం చర్చిది, తల్లి లేని బిడ్డ దేశానిది. ఈ కథకి ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు, ఆ గాలిలో అలా అల్లుకుంది.

మన పౌరాణికం దగ్గర కూడా అడగాల్సినవి అవే: డబ్బెవరిది, వేరే కథ చెప్పినవాడికి తెర దొరికిందా, లేదా? ఇక్కడ ఒకే దశాబ్దంలో పౌరాణికమూ ఆడింది, దేవుణ్ణి ప్రశ్నించే నాటకమూ ఆడింది. స్పెయిన్‌లో బున్యుయెల్ ‘విరిదియానా’ 1961లో కాన్ పండగలో పెద్ద బహుమతి తెచ్చినా, వాటికన్ పత్రిక తిట్టగానే నిషేధం. వేదిక మీద బహుమతి అందుకున్న అధికారి ఉద్యోగం పోయింది. ఆ సినిమా స్పెయిన్ తెర మీదికి వచ్చింది 1977లో.

జవాబు: అమరావతి రోడ్

బయటివాళ్ళని పిలవకండి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థకి ఇచ్చిన మినహాయింపు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్ళ వరకే. గేటు తెరిచి ఊరందరికీ వేస్తే అది బహిరంగ ప్రదర్శన. హక్కుదారు అనుమతీ కావాలి, సెన్సార్ సర్టిఫికెట్ ప్రశ్నా వస్తుంది. సెన్సార్ మీద పాఠం సెన్సార్ దగ్గరే ఇరుక్కోవడం బావుండదు.

ప్రొజెక్టర్‌ని 4:3కి మార్చడం మర్చిపోకండి. వెడల్పు తెరకి సాగదీస్తే ‘రాసా’ హీరో అల్ఫ్రెదో మాయో మొహం గుమ్మడికాయలా వస్తుంది. జూమ్ చేస్తే ఇంకా మోసం, ఫ్రేము పైన తెగిపోతుంది. కవాతులో చాచిన చేతులుండేది అక్కడే. 1942 ప్రతి వేసి 1950 ప్రతి చూపించినట్టవుతుంది.